స్టొమాటా తెలుసు, వేర్‌యాజ్ తెలియదు: డిగ్రీ ఫస్టియర్ ఇంగ్లీషు క్లాసు మీద ఒక కేస్ స్టడీ

తెలుగు మీడియం నుంచి డిగ్రీకి వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు రాదు అనే మాట స్టాఫ్ రూముల్లో రోజూ వినిపిస్తుంది, కానీ సరిగ్గా ఏది రాదు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్తారు. గ్రామర్ రాదంటారు, నోరు తెరవరంటారు, స్పెల్లింగులు ఘోరం అంటారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెప్తాను. అక్కడ ఫస్టియర్ వాళ్లతో ఒక సెమిస్టర్ పాటు నడిపిన బ్రిడ్జి క్లాసు, అంటే డిగ్రీ ఇంగ్లీషుకి అలవాటు చేసే క్లాసు, గురించి ఇది. నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. వీళ్లకి మొదట కావాల్సింది తమ సబ్జెక్టు పుస్తకంలో ఒక పేరా చదివి అందులో ఏముందో సొంతంగా మూడు నాలుగు వాక్యాలు రాయగలగడం, సెల్ఫ్ ఇంట్రడక్షన్లూ టెన్సుల పట్టికలూ తర్వాత చూసుకోవచ్చు. ఆ పని తెలుగులో వాళ్లు చేయగలరు. కాబట్టి తెలుగుని క్లాసులోంచి వెళ్లగొట్టి ఇంగ్లీషు నేర్పాలనుకోవడం చేతిలో ఉన్నదాన్ని పారేసుకోవడమే.

ముందు బ్యాచ్ గురించి. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, బీకాం కలిపి నలభై మంది చిల్లర. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ అనే ఊరి వైపు నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు, హాస్టళ్లలో ఉండేవాళ్లు, మధ్యాహ్నం క్లాసు అయిపోగానే కోఠిలో షాపుకో డెలివరీకో పరిగెత్తేవాళ్లు. మలక్‌పేట, సైదాబాద్ నుంచి ఉర్దూ మీడియం అమ్మాయిలు కొందరు. దేవరకొండ తండాల నుంచి వచ్చిన పిల్లలకైతే ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఊరు దాటి వస్తే హిందీ, వీటన్నిటి తర్వాత ఇంగ్లీషు. 2016 నుంచి సీట్లన్నీ దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ద్వారానే కాబట్టి ఇంటర్ ఏ మీడియంలో చదివినా అందరూ ఒకే సెక్షన్‌లో పడతారు. మా దగ్గర తెలుగు మీడియం సెక్షన్ ఎత్తేసి చాలా కాలమైంది. అంటే ఇంటర్ పరీక్ష తెలుగులో రాసిన పిల్ల ఏడాది తిరక్కుండానే బాటనీ పేపర్ ఇంగ్లీషులో రాయాలి.

ఇంగ్లీషు మీడియం వాళ్లు కూడా ఈ క్లాసులో ఉన్నారు. సందు సందుకీ ఉండే చిన్న ప్రైవేట్ స్కూళ్లలో పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పాఠం తెలుగులో నడుస్తుంది, పరీక్ష బట్టీలో గట్టెక్కుతుంది. అందుకే మీడియం మారిస్తే చాలు అన్నీ సర్దుకుంటాయి అన్నవాళ్ల మాట నేను నమ్మను. సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా 2022-23లో ఇంగ్లీషు మీడియం పెట్టారు కదా, అప్పుడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2027లో డిగ్రీకి వస్తారు. వాళ్లకీ ఈ క్లాసు అవసరం ఉండదని ఎవరైనా అంటే చూద్దాం.

మొదటి వారం పాఠం చెప్పలేదు, కొలుచుకున్నాం. పాల్ నేషన్ తయారుచేసిన వొకాబులరీ లెవెల్స్ టెస్టులో రెండువేల పదాల మెట్టు ఒకటి ఉంటుంది, అది పెట్టాను. దాంతోపాటు వాళ్ల సబ్జెక్టు పుస్తకంలోంచే ఒక పేరా ఇచ్చి, తెలియని మాట కింద గీత గీయమన్నాను. ఈ రెండోది పెద్ద టెస్టేమీ కాదు గానీ అసలు సంగతి బయటపెట్టింది అదే. నేను గీతలన్నీ స్టొమాటా, జైలం, క్యూటికిల్ లాంటి బాటనీ మాటల కింద పడతాయనుకునే రకం లెక్చరర్లని చాలామందిని చూశాను. పడలేదు. ఆ మాటలు పిల్లలకి తెలుసు, లేదా బోర్డు మీద బాటనీ మేడం రాసి తెలుగులో చెప్పేశారు. గీతలు పడ్డవి వేర్‌యాజ్ (‘ఇది ఇలా, అది మాత్రం అలా’ అని తేడా చెప్పే మాట), డ్యూ టు, కన్సిస్ట్స్ ఆఫ్, ఇన్వాల్వ్స్, రెస్పెక్టివ్లీ, ద లాటర్ లాంటి మాటల కింద. ఏ సబ్జెక్టు వాళ్లూ ఇవి తమవి అనుకోరు, ఎవరూ ఆగి చెప్పరు. సైన్సు లెక్చరర్‌కి అవి మామూలు ఇంగ్లీషు, ఇంగ్లీషు లెక్చరర్‌కి సిలబస్‌లో లేవు.

ఈ రకం మాటల మీద పెద్ద పనే జరిగింది. ఏవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పదకుటుంబాలతో (ఒకే మూలమాట నుంచి వచ్చే మాటల గుంపులతో) అకడమిక్ వర్డ్ లిస్ట్ తెచ్చింది, చదువుల పుస్తకాల్లో పదిలో ఒక మాట సుమారుగా అందులోదే ఉంటుంది. మా ల్యాబ్ గోడ మీద ఆ లిస్టు ఫ్లెక్సీ కూడా ఉంది, అందంగా. చిక్కేమిటంటే ఆ లిస్టు కట్టేటప్పుడు మైకేల్ వెస్ట్ 1953 నాటి జనరల్ సర్వీస్ లిస్టులోని, అంటే రోజూ ఎక్కువగా వాడే ఇంగ్లీషు పదాల పట్టికలోని, మాటల్ని తీసేసి కట్టారు. ఆ రెండువేల చిల్లర మాటలు వచ్చేసినవాళ్ల కోసం అది. మా పిల్లల్లో ఎక్కువమందికి ఆ రెండువేల దగ్గరే తడబాటు. అలాంటప్పుడు వారానికి ఇరవై అకడమిక్ పదాలు బట్టీ పట్టించడం టైం పాస్. నేను లిస్టు జోలికి పోకుండా, వాళ్లు గీత గీసిన మాటల్లో పదే పదే తగిలేవాటినే ఏరి, అవి వచ్చిన వాక్యంతో సహా నోట్సులో రాయించాను. అర్థం తెలుగులో. ఉర్దూ పిల్లలు ఉర్దూలో.

ఇక చదవడం. ఈ కేసులో నాకు ఎక్కువ పని ఇక్కడే పడింది.

బాటనీ పుస్తకంలోని ఈ వాక్యం చూడండి: ద వాటర్ అబ్జార్బ్డ్ బై ద రూట్స్ ఈజ్ ట్రాన్స్‌పోర్టెడ్ టు ద లీవ్స్ త్రూ ద జైలం. ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదని అందరూ ఒప్పుకున్నారు. అర్థం చెప్పమంటే వచ్చినవి: ‘నీరు వేర్లని పీల్చుకుంది’, ‘నీరు పీల్చుకుంది, వేర్లు ఆకులకి పంపాయి’, ఒక అబ్బాయి ధైర్యంగా ‘ఏదో జైలం గురించి మేడం’. పదాలు వస్తే వాక్యం వస్తుందనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. తెలుగులో ‘వేర్లు పీల్చుకున్న నీరు’ అంటాం, ఏ నీరో చెప్పే ముక్క నీరుకి ముందే వచ్చేస్తుంది, అసలు క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగుతాం. ఇంగ్లీషు వాక్యంలో నీరు ముందొచ్చి ఏ నీరో తర్వాత చెప్తుంది. ఎడమ నుంచి కుడికి పోయే పిల్ల కళ్లకి మొదట తగిలిన క్రియలాంటి మాట అబ్జార్బ్డ్, దాన్నే పట్టుకుని వాక్యం ముగించేస్తుంది. మిగిలిన సగం గాల్లో ఉంటుంది.

దీనికి నేను రిలేటివ్ క్లాజ్, రెడ్యూస్డ్ క్లాజ్, పాస్ట్ పార్టిసిపుల్ అని పాఠం చెప్పలేదు. తెలుగు ప్రశ్నలతో వాక్యాన్ని విప్పించాను. ముందు అసలు క్రియ వెతుకు, దాని చుట్టూ గుండ్రంగా గీయి. ఈజ్ ట్రాన్స్‌పోర్టెడ్. ఇప్పుడు అడుగు: ఏది? నీరు. ఏ నీరు? వేర్లు పీల్చుకున్నది. ఎక్కడికి? ఆకులకి. దేని ద్వారా? జైలం. ఒక్కో జవాబు దగ్గర ఒక్కో అడ్డగీత పెట్టిస్తే వాక్యం ముక్కలు ముక్కలుగా కాగితం మీద కనిపిస్తుంది. ఈజ్, ఆర్, వాజ్, హ్యావ్ లాంటి చిన్న మాటలు ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసింది వాళ్లకి, ఎందుకంటే రెండు క్రియల్లో ఏది అసలుదో చెప్పేది చాలాసార్లు అవే. మొదట్లో ఒక్కో వాక్యానికి గంటలో పావు వంతు పోయేది, అందరికీ విసుగొచ్చింది, నాకూ వచ్చింది. దసరా సెలవులు దగ్గరపడేసరికి పేరా మొత్తం గబగబా గీతలు పెట్టేసి, ఎక్కడ గీత పెట్టాలన్న దాని మీద పోట్లాడుకునే స్థితికి వచ్చారు. ఆ పోట్లాట తెలుగులోనే, ఆ మాటకొస్తే పాలమూరు తెలుగులో. నేను ఆపలేదు.

‘ఇంగ్లీష్ క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి’ అన్న బోర్డు మా కారిడార్‌లో ఉంది. సరే, ఉండనిద్దాం. కానీ ఇదే ఊళ్లో ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు డిగ్రీ చదువు ఉర్దూలో నడిచింది, ఇంగ్లీషుని తప్పనిసరి సబ్జెక్టుగా విడిగా నేర్పారు, పుస్తకాలు తర్జుమా చేయడానికి ఒక బ్యూరోనే పెట్టారు. ఇంగ్లీషులో చెప్పకపోయినా సబ్జెక్టు బుర్రకెక్కుతుందని ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మా బీఎస్సీ పిల్లల దగ్గర ఇంటర్ తెలుగు అకాడమీ బాటనీ పుస్తకాలు ఇంకా ఉన్నాయి, కొందరు సగం ధరకి అమ్మేశారు గానీ. వాటిని తెప్పించాను. బాష్పోత్సేకం పాఠం తెలుగులో ఒక పేజీ, అదే ట్రాన్స్‌పిరేషన్ ఇంగ్లీషులో ఒక పేజీ, రెండూ పక్కపక్కన. విషయం ముందే తెలుసు కాబట్టి టెన్షన్ సగం పోయింది, మిగిలిన బుర్ర అంతా ఇంగ్లీషు మీద పెట్టొచ్చు. ఇట్ టేక్స్ ప్లేస్ త్రూ స్టొమాటా అన్న చోట ‘చోటు తీసుకుంటుంది’ అని రాసుకున్న అమ్మాయి, తెలుగు పేజీలో ‘పత్రరంధ్రాల ద్వారా జరుగుతుంది’ అని చూసి తనే కొట్టేసింది. నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

ఆ అమ్మాయి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మాల్ దగ్గర పల్లె, సర్కారు బడి, సర్కారు జూనియర్ కాలేజీ, ఇంటర్‌లో మంచి మార్కులు. మొదటి ఇంటర్నల్ పేపర్‌లో ట్రాన్స్‌పిరేషన్ మీద రెండు పేజీలు తప్పుల్లేని ఇంగ్లీషు రాసింది, కానీ మూడో పేరా మధ్యలో ఒక లైను ఎగిరిపోయింది, ఆ తర్వాత వాక్యానికి తలా తోకా లేదు. ఆల్ ఇన్ వన్ గైడు లైను లైనుగా బట్టీ పట్టి దించింది, ఒక లైను మర్చిపోయింది, మర్చిపోయిన సంగతి తనకి తెలియదు. పిలిచి అడిగితే దాచుకోకుండా చెప్పింది: ‘నాకు మ్యాటర్ తెలుసు మేడం, తెలుగుల మొత్తం చెప్త, రాయనీకే రాదు.’ చెప్పమన్నాను. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే కింద నుంచి నీరు పైకి లాక్కోబడుతుందని, ఎండ ఎక్కువైతే రంధ్రాలు మూసుకుంటాయని, చేను మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేస్తుందే అదీ దీనివల్లే అని, గైడులో లేని సంగతి కూడా చెప్పింది.

తనతో మొదలుపెట్టి అందరికీ అలవాటు చేసిన పద్ధతి ఇది. పేరా చదువు, పుస్తకం మూసెయ్, పక్కవాళ్లకి తెలుగులో చెప్పు, వాళ్లు ఒక ప్రశ్న అడగాలి, ఆ తర్వాత పుస్తకం తెరవకుండా ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాయి. మూడే. ఎక్కువ రాస్తే తీసుకోను అన్నాను, అది విని వాళ్లకి నవ్వొచ్చింది, ఎందుకంటే పేజీలు నింపితేనే మార్కులు అని చిన్నప్పటి నుంచి విన్నారు. ఆ అమ్మాయి మొదటిసారి రాసింది ఇలా ఉంది: ట్రాన్స్‌పిరేషన్ మీన్స్ ప్లాంట్ లూజ్ వాటర్. ఇట్ ఈజ్ హాపెన్ ఇన్ లీవ్స్. బికాజ్ ఆఫ్ దిస్ వాటర్ గోస్ అప్. మూడింట్లో రెండు వాక్యాల్లో తప్పులు. కానీ ప్రతి మాటా తనది, క్రమం తనది, కారణం కూడా చెప్పింది. గైడు దించిన రెండు పేజీల కంటే ఇవి నాకు వంద రెట్లు పనికొచ్చాయి, ఎందుకంటే దిద్దడానికి ఏదో ఒకటి దొరికింది. తప్పులన్నీ ఎర్ర ఇంకుతో దిద్దితే కాగితం రక్తసిక్తమే, అందుకని ఒక వారానికి ఒక్క రకం తప్పే దిద్దాను. ఆ వారం కర్త, క్రియ కలవడం మాత్రమే. ఆర్టికల్స్ వైపు చూడనేలేదు. తెలుగులో లేని ఏ, ద గురించి ఫస్టియర్ మొదటి సెమిస్టర్‌లో గొంతు చించుకోవడం కంటే ఆ టైములో ఇంకో పేరా చదివించవచ్చు, ఈ మాటకి మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను ఇంకా దెప్పుతూనే ఉన్నారు.

ప్రశ్నాపత్రం దగ్గర ఇంకో చిక్కు. డిఫైన్ అన్నా, ఎక్స్‌ప్లెయిన్ అన్నా, డిస్టింగ్విష్ అన్నా, డిస్కస్ అన్నా పిల్లలు ఒకటే చేస్తారు, ఆ టాపిక్ మీద తెలిసిందంతా కుమ్మరిస్తారు. జైలం, ఫ్లోయం మధ్య తేడా అడిగితే ఒక పేజీ జైలం, ఒక పేజీ ఫ్లోయం, తేడా మాత్రం పేపర్ దిద్దే మాస్టారే వెతుక్కోవాలి. పాత ప్రశ్నాపత్రాల్లోంచి ఈ క్రియల్ని ఏరి, ఒక్కోదానికి ఎలాంటి మొదటి వాక్యం రావాలో రాయించాం. తేడా అడిగితే ముందు రెండు గళ్ల పట్టిక, తర్వాత ఒక్కో అడ్డువరుసని వేర్‌యాజ్ పెట్టి ఒక్కో వాక్యం చేయడం. మొదటి వారం గీత గీసిన వేర్‌యాజ్ ఇలా చేతికి అలవాటైంది.

వినడం, నోట్సు రాసుకోవడం మీద తక్కువే చేయగలిగాం. జువాలజీ సార్ ఒప్పుకుని తన పాఠంలో ఒక ముక్క ఫోన్‌లో రికార్డు చేసిచ్చారు. రూత్ వైన్‌రిబ్ 1990లో రాసిన డిక్టోగ్లాస్ పద్ధతిలో రెండుసార్లు వినిపించి, తోచిన మాటలు రాసుకుని, గుంపులుగా కూర్చుని మళ్లీ కట్టమన్నాను. బాగా నడిచింది, ఒక్కటే ఇబ్బంది: సార్ పాఠంలో సగం తెలుగే. నిజం చెప్పాలంటే కాలేజీలో వాళ్లు వినబోయేది అదే, ‘హార్ట్ ఏం చేస్తది అంటే బ్లడ్‌ని పంప్ చేస్తది’ తరహా. అలాంటి పాఠం విని ఇంగ్లీషులో పరీక్ష రాయడమే వాళ్ల అసలు పని కాబట్టి, ఆ మిశ్రమ పాఠం నుంచి ఇంగ్లీషు నోట్సు తీయించడమే సరైన అభ్యాసం అని దాన్నే కొనసాగించాను.

పని చేయనివి కూడా ఉన్నాయి. ఒకరి పేపర్ ఒకరు దిద్దడం మా దగ్గర పారలేదు. అమ్మాయిలు అబ్బాయిలకి పుస్తకం ఇవ్వరు, స్నేహితులు తప్పు చూపించరు, తెలివైనవాళ్లు మొత్తం తిరగరాసిచ్చేస్తారు. నవంబర్ నుంచి కానిస్టేబుల్ కోచింగ్ అని, గ్రూప్స్ అని కొందరు అబ్బాయిలు మాయం. ఫోన్ సంగతి సరేసరి. గూగుల్ ట్రాన్స్‌లేట్, చాట్‌జీపీటీ వాడొద్దంటే బాత్రూంలో కూర్చుని వాడతారు. అందుకని సొంతంగా మూడు వాక్యాలు రాసి చూపించాక వాడుకోమన్నాను, కాకపోతే అది ఇచ్చిన ప్రతి వాక్యానికీ అర్థం నాకు తెలుగులో నిలబడి చెప్పాలి. అలా నిలబడ్డ ఒక బీకాం అబ్బాయి రెండో వాక్యం దగ్గరే ‘ఇది నాది కాదు మేడం, వద్దు’ అని కొట్టేశాడు. అమీర్‌పేటలో ఒక మొబైల్ షాపులో పనిచేసే ఆ అబ్బాయి కస్టమర్లతో గడగడా ఇంగ్లీషు మాట్లాడతాడు, రాతలో మాత్రం అందరికంటే వెనక. ఈ రెండూ వేరు వేరు సంగతులని భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పాడు. మాట్లాడే భాష రెండేళ్లలో వస్తే చదువుల భాషకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో వలస పిల్లల్ని చూసి లెక్కగట్టాడు, అదీ చుట్టూ ఇంగ్లీషు ఉన్నచోట. మనం ఒక సెమిస్టర్‌లో అద్భుతాలు అడుగుతున్నాం.

ఫలితం ఏంటి అని ప్రిన్సిపాల్ అడిగారు. సెమిస్టర్ చివర మళ్లీ కొత్త పేరా ఇచ్చి అదే పని చేయించాను. ఎక్కువమంది అసలు క్రియని తప్పు లేకుండా పట్టుకున్నారు, సగానికి పైగా పిల్లలు పేరాలో లేని సొంత మాటలతో సారాంశం రాశారు, తప్పులతోనే. మాల్ అమ్మాయి ఆరు వాక్యాలు రాసింది, వాటిలో ఒకటి డ్యూ టు తో, ఒకటి వేర్‌యాజ్ తో. పదాల టెస్టులో పెద్ద మార్పు లేదు, ఒక సెమిస్టర్‌లో ఉండదు కూడా. యూనివర్సిటీ పరీక్ష మార్కుల్లో తేడా ఏమంత కనిపించలేదు. గైడు దించినవాళ్లకీ సొంతంగా రాసినవాళ్లకీ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి, కొన్నిచోట్ల గైడుకే ఎక్కువ. ఈ సంగతి పిల్లలు నాకంటే ముందే కనిపెట్టారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇంటర్నల్స్ పేపర్ మా చేతిలో ఉంటుంది కాబట్టి అందులో ఒక ప్రశ్న ఎప్పుడూ చూడని పేరా మీద ఉండేలా మార్చుకున్నాం, అంతవరకే.

ఈ సెమిస్టర్‌లో కామర్స్ వాళ్లకి విడిగా మొదలుపెట్టాం, వాళ్లు బాటనీ పేరాలు చదివి చదివి విసిగిపోయారు. చిట్టా, ఆవర్జా, అంకణా అని చదువుకుని వచ్చినవాళ్లు జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ కి ఇట్టే అలవాటు పడ్డారు, మాటలు మారాయి గానీ పని అదే కాబట్టి. కొత్త తలనొప్పి ఒకటే: జర్నల్ ఎంట్రీ కింద ‘బీయింగ్ గూడ్స్ సోల్డ్ ఆన్ క్రెడిట్’ అని రాసి రాసి, మామూలు పేరా రాయమన్నా ప్రతి వాక్యం బీయింగ్‌తో మొదలుపెడుతున్నారు. అకౌంట్స్ సార్, నేను కలిసి ఒక పని అనుకున్నాం. ప్రతి ఎంట్రీకీ కింద నెరేషన్ (ఆ బీయింగ్ లైను) మామూలుగా రాస్తారు, పక్కన పేజీలో అదే సంగతిని ఎవరు, ఎవరికి, ఏది, ఎప్పుడు అమ్మారో క్రియతో ఒక పూర్తి వాక్యంగా రాస్తారు. మొదటి కట్ట పుస్తకాలు దిద్దడానికి నా టేబుల్ మీదకి వచ్చాయి.